వట్టివేరు: తవ్వి అమ్మిన గడ్డి, నాటి నిలుపుకోవలసిన గడ్డి

ఎండాకాలం తాగునీటి కుండలో వేసే వేళ్లకట్ట, సున్నిపిండిలో కలిపే పొడి, కిటికీకి కట్టి నీళ్లు చల్లే తడిక. వట్టివేరు అనగానే తెలుగువాళ్ల మనసులో మెదిలేవి ఇవే. అన్నిట్లోనూ ఉన్నది తవ్వి తీసి, కడిగి, ఎండబెట్టిన వేరే. ఆ వేరు మీద నిలువెత్తున పెరిగే గడ్డి దుబ్బును చూపిస్తే, ఇదే వట్టివేరు అని గుర్తుపట్టేవాళ్లు మన పట్టణాల్లో చాలా తక్కువ. ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. ఈ మొక్కతో మనుషులకు కలిగిన పరిచయం శతాబ్దాల పాటు అంగడిలోనే సాగింది. పంటచేలో గానీ పెరట్లో గానీ సాగింది తక్కువ. అంగడికి వేరు వస్తుంది, మొక్క రాదు. వేరు కావాలంటే మొక్కను పెకలించాలి. మట్టిని అందరికంటే గట్టిగా పట్టుకునే గడ్డిని మట్టిలోంచి ఊడదీసి వాడుకోవడమే మన అలవాటు అయింది. విశాఖపట్నం లాంటి ఊరికి, అంటే ఎర్రమట్టి కొండవాలుల మీద ఇళ్లు కట్టుకుంటూ పైకి పాకుతున్న ఊరికి, ఈ గడ్డి విలువ దాని వాసనలో కంటే బతికి ఉన్న దాని వేళ్లలోనే ఎక్కువగా ఉంది. ఈ మాట నిలుస్తుందో లేదో తేలాలంటే ముందు ఆ అంగడి చరిత్రను చూడాలి.

వట్టివేరు భారతదేశపు సొంత గడ్డి. సంస్కృతంలో దీని వేరును ఉశీరం అన్నారు. కాళిదాసు శాకుంతలం మూడో అంకం ఆరంభంలో వేడికి వాడిపోయిన శకుంతల కోసం చెలికత్తె తీసుకువెళ్తున్నది ఉశీరపు లేపనమే. ఆయుర్వేదం దీన్ని దాహాన్ని, ఒంటి మంటను తగ్గించే చలవ ద్రవ్యాల్లో లెక్కించింది. మొగలుల కాలానికి ఇది రాజభవనాల గాలిని చల్లబరిచే సాధనంగా ఎదిగింది. వట్టివేళ్లతో అల్లిన తెరలు కట్టి నీళ్లు చల్లి గదులను చల్లగా ఉంచే ఏర్పాటు అక్బరు కల్పించిందేనని అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో ఆయనకు ఘనత కట్టబెట్టాడు. వైద్యుడైనా, కవి అయినా, పాదుషా అయినా కోరింది వేరునే. గిరాకీ ఉన్నంత కాలం తవ్వేవాళ్లు తవ్వారు. ఏటి ఒడ్డున, చెరువు పల్లంలో తనంతట తాను పెరిగిన దుబ్బులను గడ్డపారతో లేపి, ఆకు కోసి పారేసి, వేరును కట్టలు కట్టి సంతకు చేర్చడమే ఈ వ్యాపారపు పద్ధతి. దుబ్బు పోయిన చోట గట్టుకు ఏమవుతుందన్న లెక్క వ్యాపారి పద్దులోకి ఎన్నడూ ఎక్కదు.

శాస్త్రజ్ఞులు ఈ గడ్డిని చూసిన తీరు కూడా అంగడి చూపుకు దగ్గరగానే ఉంది. ఆ కథలో విశాఖపట్నానికి నేరుగా పాత్ర ఉంది. ఈస్టిండియా కంపెనీ తరఫున ఇక్కడ అధికారిగా ఉన్న క్లాడ్ రస్సెల్ వెంట ఆయన అన్న, వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780ల తొలి సంవత్సరాల్లో ఈ ఊరికి వచ్చాడు. 1785లో కంపెనీ ఆయనను కర్నాటిక్ ప్రాంతానికి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. పాముల మీద ఆయన రాసిన గ్రంథం 1796లో, విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వివరణ 1803లో వెలువడ్డాయి. మన తీరపు ఉపయోగకరమైన మొక్కలను బొమ్మలతో సహా అచ్చువేయాలని కంపెనీని ఒప్పించే ప్రయత్నం మొదలుపెట్టింది కూడా ఆయనే. దాని ఫలితమే 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా 300 చిత్రాలతో వచ్చిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం. ఆ మొక్కలను వెతికి, గీయించి, వర్ణించినవాడు సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్. రాక్స్‌బర్గ్ తన రచనల్లో తెలుగు పేర్లను శ్రద్ధగా నమోదు చేశాడు. పాత నిఘంటువుల్లో వట్టివేరుకు కనిపించే అవురుగడ్డి, కురువేరు లాంటి పేర్లను ఇంగ్లీషు వృక్షశాస్త్రం నేర్చుకున్నది ఇలాంటి నమోదుల నుంచే. వట్టివేరు తేమ ఉన్న పల్లపు నేలల్లో, నీటి కాలవల గట్ల మీద పెరుగుతుందని ఆయన గమనించాడు. ఆ వెంటనే ఆయన దృష్టి కూడా వేళ్లతో చేసే తెరల మీదికే మళ్లింది. గట్ల మీద పెరుగుతుందని చెప్పిన మనిషి, ఆ గట్లను అది ఏం చేస్తుందో అడగకుండా ముందుకు సాగాడు. ఉపయోగం అంటే అమ్మకానికి పనికొచ్చేది అని కంపెనీ నిర్ణయించిన రోజుల్లో ఇంకో ప్రశ్న పుట్టడానికి చోటు లేదు.

తడికల వాడకం మన తీరంలో ఎంతవరకు పనిచేసిందో కూడా చెప్పుకోవాలి. తడిసిన వేళ్ల గుండా గాలి వెళ్లినప్పుడు నీరు ఆవిరై గాలి చల్లబడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చలువ. హైదరాబాదులో, పల్నాడులో, రాయలసీమలో వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ తడిక బాగా పనిచేస్తుంది. విశాఖలో పగలు వీచే సముద్రపు గాలి అప్పటికే తేమను మోసుకొస్తుంది. ఆ గాలికి తడిక కడితే వాసన మిగులుతుంది, చలువ మిగలదు. రోహిణి కార్తెలో పడమటి వడగాడ్పు సముద్రపు గాలిని వెనక్కి నెట్టే రోజులు వస్తాయి. ఆ కొద్ది రోజులే తడికకు ఇక్కడ అసలైన పని దొరికేది. రాక్స్‌బర్గ్ కూడా తెరలను భూమి మీదుగా వీచే వేడిగాలుల కాలానికే ముడిపెట్టాడు. తరవాత విద్యుత్తు పంకాలు వచ్చాయి, కూలర్లు వచ్చాయి. కూలర్లలో తొలినాళ్లలో వాడిన వట్టివేళ్ల స్థానాన్ని చాలాచోట్ల చవకైన చెక్కపొట్టు ఆక్రమించింది. ఏసీలు వచ్చాక తడిక పాతకాలపు ముచ్చట అయిపోయింది. అంటే ఈ గడ్డిని విశాఖ ఏ పనికోసం విలువైనదిగా ఎంచిందో ఆ పని ఇక్కడి వాతావరణానికి ఎప్పుడూ పూర్తిగా నప్పలేదు. ఇప్పుడది దాదాపు కనుమరుగైంది కూడా. సుగంధ నూనె పరిశ్రమ ఇంకా ఉంది, దానికి తగిన రకాలను లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ విడుదల చేస్తూనే ఉంది. అక్కడ కూడా పంట అంటే తవ్విన వేరే.

ఇక బతికి ఉన్న మొక్క సంగతి. వట్టివేరు దుబ్బుగా పెరుగుతుంది, ఆకులు నిటారుగా మనిషి ఎత్తు దాకా లేస్తాయి. దక్షిణ భారతంలో సాగులో ఉన్న రకాలకు మొలకెత్తే విత్తనం దాదాపు ఉండదు. గరికలా నేల మీద పాకదు, తుంగలా దుంపలతో భూమిలో వ్యాపించదు. పిలకలు విడదీసి నాటిన చోటే ఏళ్ల తరబడి ఉంటుంది. దీని వేళ్లు పక్కలకు తక్కువగా, కిందికి ఎక్కువగా పోతాయి, మంచి నేలలో మూడు మీటర్ల లోతు దాటుతాయి. అందుకే పక్కనున్న పంటతో పెద్దగా పోటీ పడదు, పైనున్న మట్టిని లోతైన పొరతో కుట్టినట్టు పట్టుకుంటుంది. 1996లో ప్రచురితమైన పరీక్షల్లో ఈ వేరు లాగుడుకు తెగకుండా ఓర్చుకునే బలం సగటున 75 మెగాపాస్కల్స్ అని తేలింది. మామూలు ఉక్కు బలంలో అది సుమారు ఆరో వంతు. ఉక్కు ఊచలను తయారుచేసే ఊరికి ఈ అంకె అర్థాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు: కాంక్రీటు ఒత్తిడికి ఆగుతుంది, లాగితే పగులుతుంది, అందుకే లోపల ఊచ వేస్తారు. మట్టి స్వభావం కూడా అంతే, దానిలో ఊచ పనిని వేరు చేస్తుంది. నేల పైన మరో పని జరుగుతుంది. వాలుకు అడ్డంగా దగ్గరదగ్గరగా నాటిన దుబ్బులు వాన నీటి వేగాన్ని తగ్గిస్తాయి, నీరు జల్లెడపట్టినట్టు పారిపోతే మట్టి వెనక నిలుస్తుంది. ఏటేటా అలా నిలిచిన మట్టి మెట్టుగా మారుతుంది. ఆ మెట్టును గడ్డే కట్టుకుంటుంది.

ఈ జ్ఞానం కొత్తది కాదు. కర్ణాటకలో మైసూరు దగ్గర గుండ్లుపేట ప్రాంతపు రైతులు తరతరాలుగా తమ చేల హద్దుల మీద ఈ గడ్డిని వరసలుగా పెంచుకున్నారు. అదంతా అంగడికి దూరంగా, గ్రంథాలకు ఎక్కకుండా నడిచింది. అది ప్రపంచం దృష్టికి వచ్చిన దారిలో మన మనుషులు కూడా ఉన్నారు. 1879 నుంచి 1916 దాకా 60 వేలకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా ఫిజీ చెరకు తోటలకు వెళ్లారు. 1903 నుంచి మద్రాసు ద్వారా వెళ్లినవాళ్లలో కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లు ఉన్నారు. ఒప్పందాలు ముగిశాక వాళ్ల వారసులు అదే దీవుల్లో కౌలు రైతులుగా చెరకు పండించారు. 1950లలో అక్కడి చక్కెర కంపెనీలో పనిచేసిన జాన్ గ్రీన్‌ఫీల్డ్ వాలు చేలల్లో మట్టి కోతను ఆపడానికి వట్టివేరు వరసలు నాటించాడు. మూడు దశాబ్దాల తరవాత ఆయన ప్రపంచ బ్యాంకు తరఫున రిచర్డ్ గ్రిమ్‌షాతో కలిసి భారతదేశానికి వచ్చి, ఇక్కడి గడ్డినే ఇక్కడి రైతులకు మళ్లీ పరిచయం చేశాడు. 1987లో వెలువడిన ఆయన చిన్న చేతిపుస్తకం చాలా దేశాలకు చేరింది. ప్రపంచ బ్యాంకు మెట్ట ప్రాంతాల వాటర్‌షెడ్ పథకంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి మహేశ్వరం కూడా ఉంది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వట్టివేరు వరసలను పరీక్షించింది. 1993లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఈ గడ్డి మీద ప్రత్యేక నివేదిక అచ్చువేసింది. థాయిలాండ్ రాజు భూమిబల్ 1990లలో దీన్ని దేశవ్యాప్తంగా నాటించాడు. వేరును మనం అమ్ముకుంటూ వచ్చాం, మొక్క విలువను సముద్రం దాటిన దీవులు చాటాయి. జ్ఞానం ఎక్కడ భద్రపడిందో చూస్తే దాన్ని ఎవరు అవసరపడి వెతుక్కున్నారో తెలుస్తుంది: వాలు నేల కోసుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేనివాళ్లు.

విశాఖకు ఆ అవసరం ఇప్పుడుంది. ఈ ఊరి కొండలు ఎక్కువగా ఖోండలైట్ రాయివి, అది వాతావరణానికి లోనై మెత్తని ఎర్రమట్టిగా విచ్చుకుపోతుంది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల అటూఇటూ కురిసే వానలో అధికభాగం జూన్ నుంచి నవంబరు లోపే పడుతుంది, మిగతా ఆరు నెలలు నేల ఎండి బీటలు వారుతుంది. ఎండిన మట్టి మీద తుపాను వాన ఒక్కసారిగా పడితే ఏమవుతుందో భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లుగా చూపిస్తున్నాయి. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఆ దిబ్బల్లో వాన నీరు తవ్విన లోతైన గండ్లే అందం. నగరపు కొండవాలులో అదే గండి పడితే ఇల్లు కూలుతుంది. ఓడరేవు 1933లో తెరుచుకున్నాక, ఆ తరవాత కర్మాగారాలు వచ్చాక, పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలకు పల్లంలో స్థలం అందని ధర అయింది. మాధవధార, ఆరిలోవ, గోపాలపట్నం, మల్కాపురం వైపు కొండలను తొలిచి ఇళ్లు కట్టుకున్నారు. 2024 సెప్టెంబరు వానలకు గోపాలపట్నం కొండవాలులో మట్టి జారి ఇళ్లు ప్రమాదంలో పడ్డాయి. ప్రతి వానాకాలం ముందు వినిపించే డిమాండు ఒక్కటే, రక్షణ గోడ. గోడ అవసరమే. అయితే గోడ కట్టిన చోటే ఆపుతుంది, దాని పైనున్న వాలంతా బోడిగానే ఉంటుంది. ఆ వాలు నుంచి దిగే నీటి ఒత్తిడి గోడ వెనకే పేరుకుంటుంది. వట్టివేరు వరసలు పనిచేసేది సరిగ్గా ఆ మధ్య నేలలో, ఖర్చు తక్కువైన చోట, కాంక్రీటు చేరని ఇరుకు సందుల్లో.

దీనికి మొదటి అభ్యంతరం రాక్స్‌బర్గ్ మాటల్లోనే దొరుకుతుంది. చిత్తడి నేలలో, కాలవ గట్టున పెరిగే గడ్డి ఎండిన కొండవాలులో ఎలా బతుకుతుందని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. ఒక మొక్క తనంతట తాను ఎక్కడ మొలిచిందన్నదీ, నాటితే ఎక్కడ నిలుస్తుందన్నదీ వేరువేరు సంగతులు. విత్తనం మొలవడానికి, లేతవేరు నిలదొక్కుకోవడానికి తేమ కావాలి కాబట్టి అడవిలో అది పల్లాలను ఎంచుకుంటుంది. పిలక నాటి, మొదటి వానాకాలం గడిచి వేరు లోతుకు దిగాక, నెలల తరబడి వాన లేకపోయినా దుబ్బు చావదు. పై ఆకు ఎండినా కింది మొగ్గ బతికే ఉంటుంది, వాన పడగానే చిగురిస్తుంది. ఇది ఓర్వలేనిది నీడ ఒక్కటే. ఎండ నేరుగా తగలకపోతే దుబ్బు పలచబడి, వరసలో ఖాళీలు పడి, నీరు ఆ ఖాళీలోంచే దూకుతుంది. కనుక పైకప్పు లేని, నీళ్లు తక్కువైన, రోజంతా ఎండ కాసే పెరళ్లూ వాలులూ దీనికి అనువైన చోట్లు. పచ్చిక బయలు కోసం రోజూ ట్యాంకరు నీళ్లు పోసే తోటలకు ఇది మంచి ప్రత్యామ్నాయమని చెప్పడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

రెండో అభ్యంతరం చెట్ల తరఫున వస్తుంది. కొండను నిలిపేది చెట్టే కదా, మొక్కలు నాటితే చాలదా? 2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్ల వేగం దాటిన గాలులతో హుద్‌హుద్ తుపాను విశాఖ మీద తీరం దాటినప్పుడు నగరం చూసిన దృశ్యం దీనికి సగం జవాబు. వేళ్లతో సహా పెకలిపోయిన చెట్టు తనతోపాటు మట్టిని కూడా లేపుకుపోతుంది. గడ్డి వంగి గాలిని దాటనిస్తుంది. అంత మాత్రాన చెట్లు వద్దని కాదు, నీడా చలువా పక్షులూ చెట్టు నుంచే వస్తాయి. వాటికి చదును చోటు, లోతైన మట్టి ఇవ్వాలి. పలచని మట్టి ఉన్న నిటారు వాలులో, ఇంటి పునాది అంచున, మెట్ల దారి పక్కన గడ్డికి చోటివ్వాలి. మూడో అభ్యంతరం ఇంకా లోతైనది: నాటితే ఎవరో ఒకరు వేళ్ల కోసం తవ్వుకుపోరా? హైతీలో, జావాలోని గరుత్ కొండల్లో నూనె కోసం వాలుల మీద వట్టివేరు సాగు చేసి తవ్వడం వల్లనే మట్టి కోసుకుపోయింది. అదే మొక్క, అదే కొండ, ఫలితం తలకిందులు. నా వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు: నిలిపినంత కాలమే ఇది రక్షణ, తవ్విన రోజే ఇది కోత. నూనెకు కావలసిన వట్టివేరును చదును ఇసుక నేలల్లో వేరుగా పండించాలి. వాలు మీది వరసను తాకకూడదన్న కట్టుబాటు ఆ వీధివాళ్లదే కావాలి. దక్షిణాది సాగు రకాల్లో విత్తనం లేకపోవడం ఇక్కడ మరో మేలు, నాటిన హద్దు దాటి కలుపుగా పాకదు.

ఇంకో హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మంచి మొక్క దొరికిందని అన్నిచోట్లా నాటడం మన ప్రభుత్వ పథకాల పాత జబ్బు. ఎర్రమట్టి దిబ్బల్లో ఏమీ నాటకూడదు. అక్కడ గండ్లు పడటమే ఆ స్థలం చరిత్ర, దాన్ని అలాగే వదిలేయడమే రక్షణ. సముద్రపు ఇసుక మేటల మీద పని వేరే గడ్డిది. బంతిలాంటి ముళ్ల గుత్తులతో గాలికి దొర్లే రావణాసురుడి మీసాలు, ఊదారంగు పూల బాలబందు తీగ అక్కడి ఇసుకను పట్టి ఉంచుతాయి, వాటిని కలుపని పీకేసి చదును చేస్తే ఇసుక ఎగిరి రోడ్డెక్కుతుంది. కొండ మీది సహజ గడ్డి నేలల్లోనూ బోద లాంటి గడ్డి జాతులకు తమ స్థానం ఉంది. బీడు అని, బంజరు అని రెవెన్యూ లెక్కల్లో రాసుకున్న నేలల్లో చాలావరకు గడ్డి తన పనిని తాను చేసుకుపోతున్న నేలలే. వట్టివేరు వాటికి బదులు కాదు. మనిషి కోసి, తొలిచి, గాయం చేసిన వాలుకు అది కట్టు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు, క్రమం తప్పకపోతే చాలు. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వానలు పట్టగానే, వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో గీత గీసి, జానెడు కంటే తక్కువ ఎడంతో రెండు మూడు పిలకల చొప్పున నాటాలి. మొదటి వారాల్లో నీళ్లు పోసి, చచ్చిన చోట మళ్లీ నాటి ఖాళీ లేకుండా చూడాలి. ఏడాదికి రెండు మూడుసార్లు మోకాలెత్తుకు కోస్తే దుబ్బు చిక్కబడుతుంది. కోసిన లేత ఆకు పశువుకు, ముదురు ఆకు మొక్కల పాదుల్లో కప్పడానికి పనికొస్తుంది. రెండు మూడేళ్లకు వరస పూర్తిగా మూసుకుంటుంది. నగరపాలక సంస్థ నర్సరీల్లో అలంకార మొక్కలతో పాటు పిలకల మళ్లు పెంచి కొండవాలు కాలనీలకు ఇవ్వడం, రక్షణ గోడల అంచనాల్లోనే గోడ పైవాలుకు గడ్డి వరసల ఖర్చును చేర్చడం, ఈ రెండూ జరిగితే మిగతాది మనుషులే చూసుకుంటారు. ఇన్నాళ్లూ వట్టివేరు ధరను కట్ట బరువుతో, నూనె చుక్కతో తూచాం. జారిపోకుండా మిగిలిన మట్టిని, కూలకుండా నిలిచిన గోడను, ఇసుక పూడక తెరిచి ఉన్న కాలవను కూడా ఆ తక్కెడలో వేయాలి. అలా తూచినప్పుడు తవ్విన వేరు కంటే నాటిన గడ్డికే ఎక్కువ ధర పలుకుతుంది, ఆ ధర అందవలసింది వాన రాత్రి ఇల్లు వదిలి పరుగెత్తవలసి వస్తున్న కొండవాలు కుటుంబాలకే.